వృద్ధాప్యం మీద రీసెర్చ్ చేసే డాక్టర్ కెరీర్: ల్యాబా, క్లినిక్కా అనేకంటే ముందు తేల్చుకోవాల్సింది

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైందేంటో ముందు చెప్పేస్తా. ఇంటర్నల్ మెడిసిన్ ట్రైనింగ్ చివర్లో ఉన్నారు, పేషెంట్లని వదలకుండా హెల్దీ ఏజింగ్, లాంజెవిటీ (ఎక్కువకాలం బతకడం) మీద రీసెర్చ్ చేయాలనుంది, ల్యాబ్‌కి వెళ్ళాలా మనుషుల మీద స్టడీలు చేయాలా తేలడం లేదు. తోటివాళ్ళేమో "ముసలివాళ్ళ మెడిసిన్‌లో ఏముంటుందిరా" అంటున్నారు, ఇంకోపక్క వీడియోల్లో అందరూ ఆయుష్షు నూటయాభైకి వెళ్ళిపోతుందని ఊదరగొడుతున్నారు, ఇందులో నిజమెంత అని మీ అనుమానం. చివర్లో "మీరైతే మెట్‌ఫార్మిన్ వేసుకుంటారా" అని కూడా అడిగారు (అది డయాబెటిస్ మాత్ర, ఆయుష్షు పెంచుతుందేమోనని కొందరి ఆశ), దానికీ చెప్తా, చివర్లోనే.

నేను జెరియాట్రిక్స్ (ముసలివాళ్ళ వైద్యం) చేసి చాలా ఏళ్ళుగా వారంలో కొంత పేషెంట్లు, మిగతాది రీసెర్చ్ అన్నట్టు నెట్టుకొస్తున్నా. ల్యాబ్‌లో కొంతకాలం ఉన్నా గానీ నా పని మొత్తం మనుషుల మీదే, కాబట్టి ఆ పక్షపాతం నాకుంది, అది తీసేసి చదువుకోండి.

ల్యాబా క్లినిక్కా అనేది రెండో ప్రశ్న అండి. మొదటిది, మీరు దేన్ని కొలుస్తారు? ఈ ఫీల్డ్‌లో మునిగిపోయిన కెరీర్లు, నిలబడిన కెరీర్లు రెండూ ఎక్కువగా దీని దగ్గరే తేలాయి, మాలిక్యూల్ దగ్గర కాదు. కారణం చాలా సింపుల్. ఎలుక రెండు మూడేళ్ళు బతుకుతుంది, అది ఎప్పుడు పోయిందో రాసుకుంటే చాలు. మనిషి ఎనభై తొంభై బతుకుతాడు, మీ కెరీర్ ముప్పై ముప్పైఐదేళ్ళు, ఒక గ్రాంట్ ఐదేళ్ళు. ఆయుష్షు పెరిగిందని నేరుగా చూపించడానికి మీకు టైమ్ లేదు, మీకు డబ్బులిచ్చేవాళ్ళకి అసలే లేదు. కాబట్టి ఆయుష్షుకి బదులుగా ఇంకేదో కొలవాలి, ఆ "ఇంకేదో" సరిగ్గా ఎంచుకోవడమే ఇందులో డాక్టర్ తెచ్చే తెలివి. పేషెంట్ల మధ్య గడిపినవాడికి ఇది వస్తుంది, మిగతావాళ్ళకి రాదని కాదు, కష్టం అంతే.

ఎలుకల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా, ఇది నాకు బాగా ఇష్టమైన కథ. అమెరికాలో మూడు ల్యాబులు కలిసి ఒకే మందుని ఒకేలా పరీక్షించే ప్రోగ్రామ్ ఒకటుంది, 2009లో వాళ్ళు రాపమైసిన్ (అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళకి ఇచ్చే మందు) ఫలితం నేచర్ జర్నల్లో వేశారు. మామూలుగా అయితే ఎలుకలకి చిన్నప్పుడే మొదలుపెట్టాలి, కానీ మందు తిండిలో పాడైపోకుండా క్యాప్సూల్ లాగా పూత వేయడం కుదిరేసరికి ఆలస్యమైపోయింది, ఈలోపు ఎలుకలకి 600 రోజులు వచ్చేశాయి, అంటే మన లెక్కలో దాదాపు అరవై ఏళ్ళ మనిషి. సరే ఇక ఇప్పుడే మొదలెడదాం అని మొదలెట్టారు. అయినా పనిచేసింది, ఎక్కువకాలం బతికే ఎలుకల ఆయుష్షు మగవాటిలో 9 శాతం, ఆడవాటిలో 14 శాతం పెరిగింది. ముసలితనంలో మొదలెట్టినా పనిచేస్తుందని తెలియడం, అదీ ప్లాన్ చేయకుండా, మామూలు విషయం కాదు. ఇప్పుడు మీరు వీడియోల్లో చూసే హడావిడిలో చాలా భాగం అక్కణ్ణుంచి పుట్టిందే.

మరి మనుషుల దగ్గరికొచ్చేసరికి ఏమైంది? ఇక్కడే ఎండ్‌పాయింట్ గొడవ, అంటే ట్రయల్ ఫలితాన్ని దేనితో కొలవాలన్నది. జోన్ మానిక్ అని ఒక ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ డాక్టర్, ఆవిడ మనుషుల్లో ఆయుష్షు కొలవలేం కాబట్టి ముసలివాళ్ళలో ఇమ్యూనిటీ కొలుద్దాం అనుకున్నారు. రాపమైసిన్ జాతికే చెందిన ఎవరోలిమస్‌ని తక్కువ డోసులో 218 మంది పెద్దవాళ్ళకి కొన్ని వారాలిచ్చి, ఆపి, ఫ్లూ వ్యాక్సిన్ వేశారు, 2014లో వచ్చిన ఆ పేపర్లో వ్యాక్సిన్‌కి స్పందన 20 శాతం దాకా మెరుగైంది. చాలా తెలివైన డిజైన్, ఎందుకంటే వారాల్లో తేలిపోతుంది, పైగా వయసుతో తగ్గేదే కొలుస్తున్నారు. తర్వాత అదే దారిలో ఇంకో మందుతో రెండో దశ ట్రయల్, అందులో ల్యాబ్‌లో నిర్ధారణ అయిన శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు లెక్కపెట్టారు, తగ్గాయి. మూడో దశకి వచ్చేసరికి ఎండ్‌పాయింట్ మారింది, ల్యాబ్ నిర్ధారణ ఉన్నా లేకపోయినా జలుబు దగ్గు లక్షణాలు ఉన్నాయా అని పేషెంట్లని అడిగి లెక్కపెట్టారు. 2019లో అది ఫెయిల్ అయింది. మందు పనిచేయలేదా, కొలత మారడం వల్ల దొరకలేదా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. ముసలివాళ్ళని రోజూ చూసేవాడికి తెలుసు, ఎనభై ఏళ్ళాయన్ని "దగ్గుందా" అని అడిగితే "ఎప్పుడూ ఉండేదేలే" అంటాడు, అసలు జ్వరం లేకుండానే న్యుమోనియా ఉంటుంది, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడ్డమే మొదటి లక్షణం అవుతుంది చాలాసార్లు. లక్షణాల మీద ఆధారపడే కొలత ఈ వయసులో ఎంత జారిపోతుందో పుస్తకంలో చదివితే తెలీదు.

మీ తోటివాళ్ళ మాటకొస్తే, ముసలివాళ్ళ మెడిసిన్‌లో ఏముంది అన్నమాట కొత్తది కాదు. 1935లో లండన్‌లో వెస్ట్ మిడిల్‌సెక్స్ హాస్పిటల్ పక్కనున్న వర్క్‌హౌస్ (దిక్కులేని పేదల్ని ఉంచే చోటు) వార్డులు మార్జరీ వారెన్ చేతికి వచ్చినప్పుడు, వందలమంది "ఇక లేవరు" అని మంచాలకే వదిలేసినవాళ్ళు ఉన్నారు. ఆవిడ ఒక్కొక్కళ్ళని కొత్త పేషెంట్‌లా పరీక్ష చేసి, జబ్బుల్ని విడగొట్టి, లేపి నడిపించి, చాలామందిని ఇళ్ళకి పంపేశారు. మన స్పెషాలిటీ మొదలైందే అలా. ఈసారి అంటే ఇది చెప్పండి, లేదా ఏమీ చెప్పకండి, టైమ్ దండగ.

ఇప్పుడు మంచి కొలత అంటే ఎలా ఉంటుందో చూపిస్తా. నడక వేగం. ఇంతకంటే చప్పగా ఇంకోటి ఉండదు. నేలమీద 4 మీటర్ల దూరానికి రెండు చివర్లా టేప్ అంటించి, మామూలుగా మీరెలా నడుస్తారో అలాగే నడవండి అని చెప్పి స్టాప్‌వాచ్ నొక్కుతాం, కర్ర అలవాటుంటే కర్రతోనే. కొత్తగా చేరిన అసిస్టెంట్లకి మొదట నేర్పేదేంటంటే ముందు నడవకూడదు, పక్కన కూడా సమానంగా నడవకూడదు, కొంచెం వెనకగా ఉండాలి, లేకపోతే పెద్దాయన మన వేగానికి తన కాళ్ళు కలిపేస్తాడు, అప్పుడు మనం కొలిచింది మన నడకే. ఇంకోటి, టేప్ దగ్గరే ఆగమని చెప్తే చివరి రెండడుగులు మెల్లగా పడతాయి, అందుకని టేప్ దాటి కాస్త ముందుకి ఒక కుర్చీయో ఇంకోటో చూపించి అక్కడిదాకా నడవమంటాం. మా దగ్గర ఒక పెద్దావిడ ప్రతిసారీ "ఇంతేనా, దీనికేనా ఇంత దూరం రప్పించారు" అని నవ్వేది. నవ్వొస్తుంది నిజమే. కానీ 2011లో స్టెఫనీ స్టుడెన్‌స్కీ టీమ్ తొమ్మిది స్టడీల్లోంచి 34,485 మంది పెద్దవాళ్ళ డేటా కలిపి చూస్తే, సెకనుకి 0.1 మీటర్ వేగం పెరిగినకొద్దీ చనిపోయే ముప్పు 12 శాతం చొప్పున తక్కువగా కనిపించింది, వయసు, లింగం, నడక వేగం ఈ మూడూ తెలిస్తే చాలు, జబ్బుల లిస్టు, బీపీ, హాస్పిటల్లో చేరిన చరిత్ర అన్నీ కలిపి వేసిన అంచనాకి దగ్గరగా వచ్చేసింది. గుండె, ఊపిరితిత్తులు, నరాలు, కండరాలు, కీళ్ళు, కళ్ళు, మూడ్ అన్నీ ఒకేసారి పనిచేస్తేనే ఆ నాలుగు మీటర్లు సాఫీగా పడతాయి మరి.

ఇలాంటిదే ఫ్రెయిల్టీ, అంటే వయసుతో ఒళ్ళు బలహీనపడిపోవడం. లిండా ఫ్రీడ్ జాన్స్ హాప్‌కిన్స్‌లో ఉన్నప్పుడు 2001లో ఐదు గుర్తులు పెట్టారు, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, చేతి పట్టు తగ్గడం, నడక నెమ్మదించడం, రోజువారీ కదలిక తగ్గడం, వీటిలో మూడున్నా దాటినా ఫ్రెయిల్. అంతకుముందు ప్రతి జెరియాట్రీషియన్‌కీ మనిషిని చూడగానే "ఈయన బలహీనపడ్డాడు" అని తెలిసేది, కానీ ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పే పద్ధతి లేదు. ఆవిడ చేసింది అదే, వార్డులో డాక్టర్లకి కంటిచూపుతో తెలిసేదాన్ని ఎవరు కొలిచినా అదే వచ్చేలా చేయడం. తర్వాత కొలంబియాలో పబ్లిక్ హెల్త్ స్కూల్‌కి డీన్ అయ్యారు. మీరు ఎవరి కెరీర్‌నైనా చదవాలనుకుంటే ఈవిడది చదవండి, మందు ఏదీ కనిపెట్టలేదు, అయినా ఈ ఫీల్డ్‌లో ఎవరు ట్రయల్ చేసినా ఆవిడ గుర్తుల్ని దాటి పోలేరు.

ఇక పొడుగాటి స్టడీల సంగతి. బాల్టిమోర్ లాంగిట్యూడినల్ స్టడీ 1958లో మొదలైంది, ఇంకా నడుస్తోంది, మొదలెట్టినవాళ్ళు ఎవరూ లేరు, స్టడీ ఉంది. మొదటి ఇరవై ఏళ్ళు మగవాళ్ళనే తీసుకున్నారు, ఆడవాళ్ళు 1978 నుంచి, అంటే వయసు గురించి మనకి తెలుసు అనుకున్న చాలా విషయాలు మగవాళ్ళ వయసు గురించే. లూయిజీ ఫెరూచీ అనే ఇటాలియన్ జెరియాట్రీషియన్ 1998లో టస్కనీలో ఇన్‌కియాంటీ స్టడీ పెట్టి, తర్వాత 2002లో అమెరికా వెళ్ళి ఈ బాల్టిమోర్ స్టడీని చేతిలోకి తీసుకున్నారు. ఇలాంటి కెరీర్లో మీరు కట్టినదాని ఫలం వేరేవాళ్ళు తింటారు, వేరేవాళ్ళు కట్టింది మీరు తింటారు, ఇది మీకు ఇబ్బందిగా అనిపిస్తే కోహోర్ట్‌ల (ఒకే గుంపుని ఏళ్ళతరబడి గమనించే ఇలాంటి స్టడీల) జోలికి పోకండి.

వందేళ్ళవాళ్ళ మీద రీసెర్చ్ చాలా ఆకర్షణీయంగా ఉంటుంది, అందరూ అక్కడికే వస్తారు, మీరు కూడా రాశారు. దాంట్లో ఒక చిక్కుంది, వందేళ్ళ మనిషిని ఎవరితో పోలుస్తారు? అదే ఏడాది పుట్టి మామూలుగా బతికినవాళ్ళతో పోల్చాలి, వాళ్ళేమో ఇరవై ముప్పై ఏళ్ళ క్రితమే పోయారు. కంట్రోల్ గ్రూప్ మొత్తం సమాధుల్లో ఉంది. న్యూయార్క్‌లో ఐన్‌స్టీన్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్‌లో నీర్ బార్జిలాయ్ దీనికి చేసిన ఉపాయం ఏంటంటే వందేళ్ళవాళ్ళ పిల్లల్ని తీసుకోవడం, వాళ్ళకి అప్పటికి డెబ్భై ఎనభై ఉంటాయి, వాళ్ళని మామూలు వయసులో పోయిన తల్లిదండ్రుల పిల్లలతో పోల్చడం. ఆయన ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్), డయాబెటిస్ దారినుంచి వచ్చారు. అష్కనాజీ యూదుల్ని (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులు) ఎంచుకోవడానికి కారణం జన్యుపరంగా దగ్గరగా ఉండే సమాజం కాబట్టి తేడాలు సులువుగా పట్టుబడతాయని. 2011లో ఆ గ్రూప్ వేసిన ఒక పేపర్ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది, 95 దాటిన 477 మందిని మీరు డెబ్భైల్లో ఎలా ఉండేవారు, పొగతాగేవారా, ఎంత బరువుండేవారు అని అడిగి, అదే కాలంనాటి మామూలు జనం డేటాతో పోలిస్తే పెద్ద తేడా లేదు. అంటే వీళ్ళేమీ నిష్ఠగా బతికినవాళ్ళు కాదు, చాలావరకు వాళ్ళ జీన్స్ వాళ్ళని కాపాడాయి. అందుకే వందేళ్ళాయన్ని "మీ రహస్యం ఏంటి" అని అడిగి రాసే కథనాలు చూస్తే నాకు చిరాకు, ఆయనకి తెలీదండి, రోజూ సిగరెట్ తాగాను అంటాడు, మనం తాగొచ్చా? మిగతా మనలాంటి వాళ్ళకి లెక్క వేరే, డేనిష్ కవలల మీద 1996లో వచ్చిన పనిలో ఆయుష్షులో వంశపారంపర్యం పాలు పావు వంతు అటూ ఇటూ, మిగతాదంతా జీవితం, అదృష్టం.

పైన పేపర్ల గురించి చెప్పేశా గానీ రోజువారీ పని మీరు ఊహించుకుంటున్నట్టు ఉండదు. ఏజింగ్ రీసెర్చ్‌లో సగం పని మనుషులు రావడం మానేయకుండా చూసుకోవడమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ప్రతి విజిట్‌కీ వస్తారు, తూలి పడి తుంటి విరిగినవాళ్ళు, మతిమరుపు మొదలైనవాళ్ళు, భార్యని చూసుకోవాల్సొచ్చి ఇంట్లోంచి కదలలేనివాళ్ళు రారు. మూడో ఏడుకి మీ డేటాలో అందరూ భలే ఆరోగ్యంగా కనపడతారు, ఎందుకంటే జబ్బుపడ్డవాళ్ళు డేటాలోంచి వెళ్ళిపోయారు. అందుకే మేం ఇళ్ళకి వెళ్తాం. ఒకాయన్ని రెండు విజిట్లు రాలేదని "ఆసక్తి లేదు" అని మా రిజిస్టర్లో కోఆర్డినేటర్ రాసేసింది, ఇంటికెళితే సోఫాలోంచి లేవడానికి రెండు చేతులూ కావాలి ఆయనకి, మా బిల్డింగ్‌కి ముందున్న మెట్లు తల్చుకుని రావడం మానేశాడు, నోటితో మాత్రం "పనులున్నాయి" అన్నాడు ఫోన్లో. ఆయన గర్వం ఆయనది. ఆ ఒక్క వరుసలో "ఆసక్తి లేదు" అనేది, "కుర్చీలోంచి లేవలేడు" అని మారితే ఫలితమే మారిపోతుంది కదా. ఇలాంటివి స్టాటిస్టిషియన్ మీకు సరిచేసి ఇవ్వలేడు, మీరు వెళ్ళి చూడాలి.

ట్రయల్స్‌లో నా దృష్టిలో అందరూ ముందు చదవాల్సింది ఆస్ప్రీ. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు, ఎక్కువమంది 70 దాటినవాళ్ళు, రోజుకి 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ లేదా ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర). వాళ్ళు గుండెపోటు ఒక్కటే మెయిన్ ఎండ్‌పాయింట్‌గా పెట్టలేదు. చనిపోకుండా, డిమెన్షియా రాకుండా, శాశ్వతంగా ఇంకొకరి మీద ఆధారపడకుండా ఎంతమంది ఉన్నారు అని కొలిచారు, అంటే ముసలివాళ్ళు నిజంగా కోరుకునేదాన్ని. 2018లో ఫలితం, దానిమీద ఆస్పిరిన్ వల్ల లాభం సున్నా, పెద్ద రక్తస్రావాలు ఎక్కువ. లక్షలమంది "మంచిదే కదా" అని వేసుకుంటున్న మాత్ర అది! ఏమీ పనిచేయలేదు అని తేల్చడానికి అంతమంది, అన్నేళ్ళు. ఈ ఫీల్డ్‌లో మీకు రాబోయే ఫలితాల్లో చాలావరకు ఇలాగే ఉంటాయి, విటమిన్ డి, ఇంకా చాలా ఉన్నాయి ఈ లిస్టులో. నెగెటివ్ ఫలితం చూసి కుంగిపోయే స్వభావం ఉంటే ఇప్పుడే ఆలోచించుకోండి.

పనిచేసినవి లేవా అంటే ఉన్నాయి, కాకపోతే వీడియోల్లో రావు. 2014లో వచ్చిన లైఫ్ స్టడీ, 70 నుంచి 89 ఏళ్ళ 1,635 మంది, అందరూ కదలకుండా కూర్చునే అలవాటున్నవాళ్ళే. సగం మందికి నడక, కాళ్ళ బలం, బ్యాలెన్స్ వ్యాయామాలు, సగం మందికి ఆరోగ్యం మీద క్లాసులు. ఎండ్‌పాయింట్, కూర్చోకుండా ఎవరి సాయం లేకుండా 15 నిమిషాల్లో 400 మీటర్లు నడవగలరా లేదా. సగటున రెండున్నరేళ్ళకి పైగా చూస్తే క్లాసుల గ్రూప్‌లో 35.5 శాతం నడవలేని స్థితికి వచ్చారు, వ్యాయామం గ్రూప్‌లో 30.1 శాతం. చిన్న తేడాలా కనపడొచ్చు గానీ, ఎనభై ఏళ్ళ వయసులో ఇంటి బయటికి తనంతట తను వెళ్ళగలగడం అంటే ఏంటో ఆ వయసువాళ్ళని అడగండి.

డబ్బుల గురించి అడగలేదు మీరు, అయినా చెప్పాలి. మెట్‌ఫార్మిన్ మీద బార్జిలాయ్ వాళ్ళు టేమ్ అని ఒక ట్రయల్ డిజైన్ చేశారు, 65 నుంచి 79 మధ్య డయాబెటిస్ లేని 3,000 మంది, 14 సెంటర్లు, ఆరేళ్ళు. అందులో అసలు తెలివి మందులో లేదు, ఎండ్‌పాయింట్‌లో ఉంది, గుండెపోటు, స్ట్రోక్, గుండె వైఫల్యం, క్యాన్సర్, డిమెన్షియా, మరణం ఇవన్నీ కలిపి ఒకే కొలత. వృద్ధాప్యాన్ని ఒక జబ్బుగా ఎఫ్‌డీఏ (మందులకి అనుమతిచ్చే అమెరికా సంస్థ) ఒప్పుకోదు, కానీ వయసుతో వచ్చే జబ్బులన్నీ కలిసి ఆలస్యమైతే అది వృద్ధాప్యం మీద పనిచేసినట్టే కదా అన్న వాదన, 2015లో ఎఫ్‌డీఏ వాళ్ళని కలిసి మాట్లాడారు కూడా. మరి ఇన్నేళ్ళూ ఎందుకు మొదలవ్వలేదంటే మెట్‌ఫార్మిన్ పేటెంట్ అయిపోయిన చవక మాత్ర, గెలిచినా ఏ కంపెనీకీ ఒక్క రూపాయి రాదు, కాబట్టి పెట్టేవాడు లేడు. మంచి ఐడియా, మంచి డిజైన్, పేరున్న మనుషులు, అయినా ఏళ్ళతరబడి విరాళాల కోసం తిరగడం. ఇది కెరీర్‌లో భాగం అని ముందే తెలుసుకుని రండి.

ఇంకోపక్క డబ్బు వరదలా ఉన్న చోటు కూడా ఉంది, లాంజెవిటీ క్లినిక్కులు. మీరు ట్రైనింగ్ అయ్యి రెండు పేపర్లు వేయగానే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, మా దగ్గర "బయోలాజికల్ ఏజ్" (పుట్టినరోజు లెక్క కాదు, ఒంటి వయసు) రిపోర్టుల మీద సంతకం పెట్టండి చాలు అని. స్టీవ్ హోర్వాత్ 2013లో డీఎన్ఏ మీద 353 చోట్ల మిథైలేషన్ (డీఎన్ఏకి అతుక్కునే చిన్న రసాయన గుర్తులు) చూసి వయసు చెప్పే క్లాక్ చేశారు, సైన్స్‌గా అది అద్భుతమైన పని, సందేహం లేదు. కానీ ఒకే శాంపిల్‌ని రెండుసార్లు నడిపితే పేరున్న ఆరు క్లాకుల్లో తేడా 9 ఏళ్ళ దాకా వస్తోందని 2022లో చూపించారు, దాన్ని సరిచేసే పద్ధతి కూడా వాళ్ళే ఇచ్చారనుకోండి. క్యాలరీ అని ఒక ట్రయల్, రెండేళ్ళు తిండి 25 శాతం తగ్గించమంటే జనం సగటున 12 శాతం దాకా తగ్గించారు, ఆ శాంపిల్స్ మీద మూడు క్లాకులు నడిపితే ఒకటి ముసలితనం వచ్చే వేగం 2, 3 శాతం తగ్గింది అంది, మిగతా రెండూ ఏమీ మారలేదన్నాయి. ఇప్పుడు చెప్పండి, ఒక మనిషికి "మీకు నాలుగేళ్ళు తగ్గాయి" అని కాగితం మీద రాసివ్వడానికి మీ చెయ్యి వస్తుందా? నాకు రాలేదు, రాసినవాళ్ళు నాకంటే పెద్ద ఇల్లు కట్టారు, అది వేరే సంగతి. సెనోలిటిక్స్ (ఒంట్లో పేరుకున్న ముసలి కణాల్ని తీసేసే మందులు) అని ఇంకో హడావిడి ఉంది, మనుషుల్లో మొదటి పేపర్ 2019లో, ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు మచ్చలుకట్టి గట్టిపడే జబ్బు) ఉన్న 14 మంది, ప్లాసిబో లేదు. రాసినవాళ్ళు ఆ విషయం నిజాయితీగానే రాశారు, వీడియో చేసినవాళ్ళే అక్కడిదాకా చదవలేదు.

ఇక మీ ల్యాబా క్లినిక్కా ప్రశ్న. పేషెంట్‌ని చూసి ఇంటికొచ్చాక మీ బుర్రలో తిరిగేది "ఇది ఎలా జరుగుతోంది" అయితే ల్యాబ్, "ఈయనకి ఏం చేస్తే మంచంలోంచి లేస్తాడు" అయితే మనుషుల స్టడీలు. రెండూ సగం సగం చేస్తా అని మొదట్లో అందరూ అంటారు, నేను చూసినంతలో చాలా కొద్దిమందికే కుదిరింది. ఏదైనా సరే, కాగితం మీద రాసిచ్చిన ప్రొటెక్టెడ్ టైమ్ (రీసెర్చ్‌కే కేటాయించిన సమయం) లేకుండా చేరొద్దు. అమెరికాలో అయితే ఎన్ఐహెచ్ (మెడికల్ రీసెర్చ్‌కి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ కే అవార్డులు, అంటే కెరీర్ మొదట్లో ఇచ్చే గ్రాంట్లు ఉంటాయి, ల్యాబ్ వైపు కే08, పేషెంట్ల వైపు కే23, వాటిలో 75 శాతం సమయం రీసెర్చ్‌కే అని షరతు, ఏజింగ్‌కి ప్రత్యేకంగా బీసన్ అవార్డు ఉంది. వేరే దేశంలో అయితే పేర్లు వేరు, లెక్క అదే. నోటిమాటగా "రీసెర్చ్ చేసుకోండి డాక్టరుగారూ, మేం అడ్డురాం" అన్న డిపార్ట్‌మెంట్లో వారానికి నాలుగు ఓపీలు పడతాయి, రాత్రి పదింటికి గ్రాంట్ రాస్తారు, రెండేళ్ళకి రెండూ చెడతాయి. మెంటర్‌ని ఎంచుకునేటప్పుడు వాళ్ళ పేపర్ల లిస్ట్ చూడకండి, వాళ్ళ దగ్గర ముందు పనిచేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో చూడండి. ఒక స్టాటిస్టిషియన్‌తో స్నేహం చేసుకోండి, డిజైన్ వేయకముందే, డేటా వచ్చాక కాదు.

ట్రైనింగ్‌లో మిగిలిన నెలల్లో ఒక పని చేయండి. మీ వార్డులో, ఓపీలో 75 దాటిన వాళ్ళందరికీ నడక వేగం, చేతి పట్టు, కుర్చీలోంచి చేతులు వాడకుండా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టే టైమ్ మీరే కొలిచి కేస్ షీట్లో రాయండి, ఎవరినీ అడగక్కర్లేదు, అది మామూలు పరీక్షే, పేపర్ వేయాలనుకుంటే మాత్రం ఎథిక్స్ కమిటీకి ముందే పెట్టండి. కొన్ని వారాలకి ఒక విషయం గమనిస్తారు, కేస్ షీట్లో ఒకేలా కనపడే ఇద్దరు, అదే బీపీ, అదే షుగర్, అదే క్రియాటినిన్, ఒకాయన టకటకా లేస్తాడు, ఇంకొకాయన రెండోసారికే ఆగిపోతాడు. ఆ తేడా ఎందుకు అనేది మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే ఈ ఫీల్డ్ మీదే. "ఆ, వయసు కదా" అనిపించి తర్వాతి పేషెంట్‌కి వెళ్ళిపోతే మంచి ఫిజీషియన్ అవుతారు, ఇది మాత్రం వద్దు.

చివరిగా మెట్‌ఫార్మిన్. నాకు డయాబెటిస్ లేదు, వేసుకోను. 2014లో ఒక బ్రిటిష్ డేటాలో మెట్‌ఫార్మిన్ వాడే డయాబెటిస్ పేషెంట్లు డయాబెటిస్ లేనివాళ్ళకంటే కాస్త ఎక్కువ బతికినట్టు కనపడింది, ఆశ అంతా దానిమీదే, తర్వాత డెన్మార్క్ రికార్డులతో చూస్తే ఆ లాభం కనపడలేదు. నేను వారంలో కొన్నిసార్లు బరువులెత్తుతా, 2019లో వచ్చిన మాస్టర్స్ ట్రయల్‌లో 65 దాటినవాళ్ళకి 14 వారాలు వెయిట్ ట్రైనింగ్ ఇస్తే మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్ళకి ప్లాసిబో వాళ్ళకంటే కండ తక్కువ పెరిగింది. ఉన్న కండ కాపాడుకోవడమే నా వయసులో పెద్ద పని, దాన్ని తగ్గించే మాత్ర టేమ్ ఫలితం రాకుండా ఎందుకు వేసుకుంటా? మీ నాన్నగారికి ప్రీడయాబెటిస్ అని రాశారు కాబట్టి ఆయన సంగతి వేరు, వాళ్ళ డాక్టర్‌తో మాట్లాడండి, కాకపోతే వెళ్ళేముందు 2002 నాటి డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ పేపర్లో వయసులవారీ టేబుల్ చూస్కోండి. మొత్తం 3,234 మందిలో జీవనశైలి మార్పు వల్ల డయాబెటిస్ 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ వల్ల 31. అదే 60 దాటినవాళ్ళని విడిగా చూస్తే జీవనశైలి 71 శాతం, మెట్‌ఫార్మిన్ 11.